కాలని డబ్బాలు

"నాకు న్యాయం అక్కర్లేదు మేడమ్. ఆ మందులావిడ చేతులకు బేడీలు పడాలి. అది నా కళ్ళతో నేను చూడాలి. అంతే."

మంచం కింద దూరి ఉన్న కందిరీగ తల బయటికి పెట్టకుండానే "ఊఁ" అంది.

ఆమెను పేరు పెట్టి పిలవడం జనం ఎప్పుడో మానేశారు. పోలీసు శాఖలో ఉండగా అంటుకున్న పేరు కందిరీగ. ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినా ఆ పేరు వదల్లేదు. తనకు అన్యాయం చేసినవాణ్ణి ఆమె మరిచిపోయిన దాఖలా లేదు. "క్షమించడం గొప్పవాళ్ళ పని, నాకంత తీరిక లేదు" అని నలుగురిలోనే అంటుంది. ఆ సంగతి తెలిసే కాబోలు, చచ్చిపోయిన కుర్రాడి అన్న ఏరికోరి ఆమె దగ్గరికే వచ్చాడు. పగ తీర్చుకోవాలనుకున్నవాడు పగ రుచి తెలిసినవాళ్ళనే వెతుక్కుంటాడు మరి.

ఆ అన్నది పాత మందుల కాంట్రాక్టు. గడువు తీరినవీ, జనం వాడకుండా వెనక్కి తెచ్చినవీ మందుల షాపులవాళ్ళు డబ్బాల్లో వేసి సీలు వేస్తారు. వాటిని వ్యానులో ఎత్తుకెళ్ళి ఊరి బయట బట్టీలో కాల్చెయ్యడం ఇతని పని. అందరూ కాంట్రాక్టరనే పిలుస్తారు. తమ్ముడు అతని దగ్గరే వ్యాను నడిపేవాడు. ఏడాది కిందట మనసు చెదిరి, ఒకసారి ప్రాణం తీసుకోబోయి, బతికి, వైద్యంలో పడ్డాడు. ఇప్పుడిప్పుడే మనిషవుతున్నాడని అందరూ అనుకుంటుండగా మొన్న మంగళవారం పొద్దున ఇదే గదిలో శవమై కనిపించాడు. మంచం చుట్టూ ఖాళీ నిద్రమాత్రల స్ట్రిప్పులు. వాటి మీది నంబర్లు సందు చివరి మందుల షాపువని తేలింది.

"ఆవిణ్ణి నమ్మి అప్పగించాను మేడమ్," అన్నాడు కాంట్రాక్టరు. "రోజూ పొద్దున వాడు షాపుకెళ్ళి ఓ మాత్ర మింగి, ఆవిడతో కబుర్లు చెప్పి వచ్చేవాడు. డాక్టరు పెట్టిన ఏర్పాటే. చివరికి ఏం చేసింది? అడిగినన్ని స్ట్రిప్పులు వాడి చేతిలో పెట్టి పంపింది!"

మంచం కోడుకీ గోడకీ మధ్య ఏదో తళుక్కుమంది. కందిరీగ రెండు వేళ్ళతో లాగింది. ఇంకో ఖాళీ స్ట్రిప్పు. పోలీసులు గదంతా గాలించారు కానీ మంచం జరపలేదు. ఆ రోజుకి ఆమె నవ్వడం అదే మొదలు.

కిటికీ దగ్గరికి తెచ్చి చూసింది. ప్రతి గుంటా సరిగ్గా నడిమధ్యలో పగిలింది. వెనక రేకు ఎక్కడా నలగలేదు, చిరగలేదు. కింద ఎడమ మూల మాత్రం ఏటవాలుగా కత్తిరించి ఉంది.

"మీ తమ్ముడి చొక్కాలకు గుండీలు లేవేం?" అంది, కొక్కేలకు వేలాడుతున్న బట్టలు చూపిస్తూ.

"మందులకి చేతులు వణికేవి. మా ఆవిడే గుండీలు పీకించి జిప్పులు కుట్టించింది."

"మరి ఈ మూల ఎవరు కోశారు?"

"షాపుల్లో కత్తెరతో కోసే కదా ఇస్తారు," అన్నాడతను తడుముకోకుండా.

"మీ ఆవిడతో ఒకసారి మాట్లాడాలి."

"పడుకుంది. మరిది పోయినప్పటినుంచి మనిషి మనిషిలో లేదు. ఏదేదో మాట్లాడుతోంది. రేపు రండి." అతను గడియారం చూసుకున్నాడు. "ఇన్‌స్పెక్టరుగారు నాలుగింటికి అరెస్టు చేస్తానన్నారు మేడమ్. మీరు ఆధారం తెచ్చేలోపు ఆయన పట్టుకుపోతే పేరు ఆయనది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ ఇన్‌స్పెక్టరు కందిరీగకు స్వయానా మేనబావ. మూడేళ్ళ కిందట ఆమె ఆరునెలలు తిరిగి రాసిన రిపోర్టు కింద తన సంతకం పెట్టుకుని ప్రమోషన్ కొట్టేసిన మహానుభావుడు. అప్పటినుంచి ఆమె అతన్ని "బావా" అని పిలిస్తే విన్నవాళ్ళకు తిట్టులాగే వినిపిస్తుంది.

స్ట్రిప్పు సంచిలో పడేసుకుని మెట్లు దిగింది. రెండున్నరయింది.

* * *

మందుల షాపు షట్టరు సగం దించి ఉంది. దాని మీద ఎవరో బొగ్గుతో 'హంతకురాలు' అని రాశారు. లోపల అద్దాల బీరువాకి రాయి తగిలి నెర్రెలు పడింది. కౌంటరు వెనక యాభై ఏళ్ళావిడ నిలబడి, ఏమీ జరగనట్టు మందులు సర్దుకుంటోంది. చుట్టుపక్కలవాళ్ళకు ఆవిడ మందులక్క.

"బయట రాతలు తుడవలేదేం?" అంది కందిరీగ.

"రాసినవాడే వచ్చి తుడవాలి. నేనెందుకు తుడుస్తాను?"

ఈవిడ మనిషే, అనుకుంది కందిరీగ. కానీ మొహంలో కనపడనివ్వలేదు.

"ఆ కుర్రాడికి ఎన్ని స్ట్రిప్పులిచ్చారు?"

"ఒక్కటీ ఇవ్వలేదు."

"నంబర్లు మీవే."

"నంబర్లు నావే. ఇచ్చింది నేను కాదు." మందులక్క స్టీలు గ్లాసు ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది. "రోజుకి ఒక్క మాత్ర. గాజుగ్లాసు పట్టుకోలేడని ఇందులో సగానికి నీళ్ళు పోసేదాన్ని. నా ఎదురుగానే మింగాలి. స్ట్రిప్పు ఈ బల్ల దాటదు. ప్రాణం తీసుకోబోయిన పిల్లాడి ఇంటికి మాత్రలు పంపడమంటే చేతిలో కత్తి పెట్టి పంపడమే. ఇలా రోజూ వచ్చి మింగేవాళ్ళు నాకు అయిదుగురున్నారు. ఒక్కళ్ళు ఒక్కపూట రాకపోయినా నాకు అన్నం సయించదు."

"మాత్ర మింగడానికి నిమిషం చాలు. వాడు గంటసేపు ఉండేవాడట."

మందులక్క షాపు మూలనున్న తెర వైపు చూసింది. తెర వెనక చిన్న గది. రెండు కుర్చీలు, గోడకి ఓ ఫ్యాను. అంతే.

"అక్కడ కూర్చునేవాళ్ళం. డాక్టరు దగ్గరికెళ్తే పిచ్చని ముద్ర వేస్తారని భయపడేవాళ్ళు, తలనొప్పి మాత్రకి వచ్చినట్టు నా దగ్గరికొస్తారు. మెల్లిగా నచ్చజెప్పి నేనే డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఆ తెర వెనక విన్నది తెర దాటదు. మీ బావగారు అరిచారు, బెదిరించారు. ఆయనకీ ఇదే చెప్పాను."

"చచ్చిపోయినవాడి దగ్గర ఇంకా దాపరికం ఏమిటండీ?"

"వాడు ఇక అడ్డుచెప్పలేడు కదా. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి."

కందిరీగకు ఒళ్ళు మండింది, ముచ్చటా వేసింది. ఇక మాటలతో లాభం లేదని సంచిలోంచి స్ట్రిప్పు తీసి గ్లాసు పక్కన పెట్టింది.

మందులక్క కళ్ళజోడు పెట్టుకుంది. స్ట్రిప్పు తిప్పి, తెగిన మూలను బొటనవేలితో తడిమింది. ఆవిడ పెదవులు పాలిపోయాయి. అలాగే తడుముకుంటూ వెనక్కి నడిచి స్టూలు మీద కూలబడింది.

"ఇది ఎక్కడ దొరికింది?"

"వాడి మంచం పక్కన."

"ఇది నేను అమ్మింది కాదు తల్లీ. ఇది నేను కాల్చమని ఇచ్చింది."

తర్వాత ఆవిడ ఆగలేదు. ఆ తెరను ఇన్నేళ్ళు కాపాడిన మనిషి, ఆ మధ్యాహ్నం తన చేతులతోనే చింపేసింది. నెల కిందట కుర్రాడు ఆ కుర్చీలో కూర్చుని గుండె పగిలేలా ఏడ్చాడట. "అక్కా, నువ్విచ్చే డబ్బాలు కాలడం లేదు. అన్నయ్య సీళ్ళు విప్పి, తేదీలు మార్చి, మళ్ళీ వేరే షాపులకి అమ్ముతున్నాడు. మోసింది నేనే. ఎవరెవరు మింగారో, ఎవరు పోయారో" అన్నాడట. వాడి మనసు విరిగింది అక్కడే. బాగుపడ్డాక అందరి ముందూ చెప్పేస్తానన్నాడు.

"రేపే చెప్పమని నేననలేదు. ముందు నువ్వు నిలదొక్కుకో అన్నాను," అంది మందులక్క. "కానీ ఊరుకోలేదు. ఆ వారం నుంచి వెనక్కి వచ్చిన ప్రతి స్ట్రిప్పుకీ ఇలా ఎడమ మూల కోసి డబ్బాలో వేస్తున్నా. మూల తెగింది ఏ షాపులో తేలినా పట్టుకోమని తెలిసిన షాపులవాళ్ళకి చెప్పి పెట్టాను. ఆ అన్న కోసం వల పన్నాను. ఆ వలలో నా పిల్లాడు..."

ఏడుస్తుందనుకుంది కందిరీగ. ఆవిడ ఏడవలేదు. గ్లాసును బల్ల మీద ఠంగున కొట్టింది. "ఇవి పోయిన శనివారం సీలు వేసి ఆ కాంట్రాక్టరు చేతికే ఇచ్చాను. తమ్ముడు బాగుపడుతున్నాడని, నోరు విప్పుతాడని తెలిసి చంపేశాడు. బాగుచేసినందుకు నా మెడకి చుట్టాడు. వాణ్ణి నిలువునా పాతరెయ్యాలి!"

కందిరీగ చెవులు వేడెక్కాయి. కోపం కాంట్రాక్టరు మీద ఒక వంతయితే, తన మీద మూడు వంతులు. ఏరికోరి తన దగ్గరికి ఎందుకొచ్చాడో ఇప్పుడర్థమైంది. కందిరీగకు ఎవరినో ఒకరిని చూపిస్తే చాలు, కుట్టేసి వస్తుందనుకున్నాడు. ఆమె పగను అద్దెకి తీసుకున్నాడు వెధవ.

"ఏం మరదలా, నాకంటే ముందే దిగావే!"

షట్టరు కింద నుంచి వంగి ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. నడుముకి బేడీలు వేలాడుతున్నాయి. నాలుగింటికని చెప్పిన మనిషి మూడింటికే ఊడిపడ్డాడు.

"నీకంటే ముందు రావడం ఏం కష్టం బావా? నువ్వు మంచం జరపడం మర్చిపోతే చాలు," అంటూ కందిరీగ స్ట్రిప్పు అతని ముక్కు ముందు ఆడించి, విన్నదంతా నాలుగు ముక్కల్లో చెప్పింది.

అతను మీసం దువ్వుకుంటూ విన్నాడు. మనిషి స్వార్థపరుడే కానీ మొద్దు కాదు. అదే ఆమెకు మరీ కంటగింపు.

"బాగుంది. కానీ ఆ మూల ఈవిడ ఇప్పుడే కోసి ఉండొచ్చు. లేదా తన డబ్బాలోంచే తీసి ఆ కుర్రాడికి ఇచ్చి ఉండొచ్చు. రెండింటికీ నీ దగ్గర జవాబుందా?"

"మంగళవారం నువ్వు పట్టుకెళ్ళినవాటికి కూడా మూలలు తెగి ఉంటే? స్టేషన్లో చూసుకో. ఇంకోటి, గుండీ పెట్టుకోలేనంత వణుకున్నవాడు ప్రతి గుంటనీ నడిమధ్యలో నొక్కగలడా? రేకు చిరిగి పీలికలయ్యేది. ఈ మాత్రలు తీసింది వణకని చెయ్యి బావా. తీసి దేంట్లోనో కలిపి తాగించింది."

"కోర్టులో నిలవదు."

"నీ ప్రమోషన్ నిలిచిందిగా!"

వాళ్ళిద్దరూ అలా కత్తులు దూసుకుంటుంటే మందులక్క గోడ గడియారం వైపే చూస్తోంది. ఉన్నట్టుండి లేచింది.

"ఆ పిల్ల రాలేదు."

"ఎవరు?"

"వాడి వదిన. కాంట్రాక్టరు పెళ్ళాం. ఇరవై రోజుల కిందట మొగుడే వెంటబెట్టుకొచ్చాడు, దీనికీ మతి చెదిరింది, నిద్రమాత్రలిమ్మని. దాని కళ్ళల్లో నాకు మతి చెదరడం కనపడలేదు, భయం కనపడింది. అందుకే దానికీ రోజూ ఇక్కడే మింగాలని పెట్టాను, కనీసం రోజుకోసారి కళ్ళబడుతుందని. పన్నెండింటికి వస్తుంది. మరిది పోయిన రోజు కూడా వచ్చింది. ఇవాళ రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. షాపు మీద రాళ్ళు పడుతున్నాయని ఆగిందేమో అని సరిపెట్టుకున్నాను."

కందిరీగ లెక్క కట్టింది. తమ్ముడికి పిచ్చి అన్నాడు, తమ్ముడు పోయాడు. ఇప్పుడు పెళ్ళానికి పిచ్చి అంటున్నాడు. నిజం తెలిసినవాళ్ళందరికీ ఆ ఇంట్లో వరసగా పిచ్చెక్కుతోంది.

కందిరీగ మందులక్క ఫోన్ లాక్కుని ఆ నంబరే నొక్కింది. ఈసారి ఎత్తారు. ఎత్తింది కాంట్రాక్టరు.

"నేను, కందిరీగని. మీ ఆవిడెలా ఉంది?"

"పడుకుంది మేడమ్. పక్కనే కూర్చుని తలకి తడిగుడ్డ వేస్తున్నా," అన్నాడతను ఎంతో ప్రేమగా.

అతని మాట వెనక "టీఁ... టీఁ... టీఁ..." అని సన్నగా వినిపించింది. బండి వెనక్కి తీసేటప్పుడు మోగే చప్పుడు. పడకగదిలో బండి వెనక్కి రాదు. ఇంటి ముందు అతనికున్నది ఒక్కటే బండి, బట్టీకి డబ్బాలు మోసే వ్యాను. దాని వెనక ఇనప తలుపులు. బట్టీలో పడ్డదేదీ మళ్ళీ ఎవరికీ దొరకదు.

బావ వైర్‌లెస్ తీయబోయాడు. కందిరీగ చేత్తో వద్దంది. బట్టీకి రెండు దార్లు. ఎటు పోతాడో తెలియదు. పోలీసు బండి కనపడితే అసలు ఆగడు. ఆగేలా చెయ్యగలిగింది లోకంలో ఒక్కటే ఉంది, ఇందాక అతనే నోరారా చెప్పాడు.

"మీ కోరిక తీరింది," అంది ఆమె నవ్వు తెచ్చిపెట్టుకుని. "మా బావ ఇప్పుడే బేడీలు వేశాడు. షాపు ముందు జనం గుమిగూడారు. కళ్ళారా చూడాలన్నారుగా?"

అవతల బ్రేకు పడింది. టీఁ టీఁ కూడా ఆగింది.

"ఎంతసేపుంటారు?"

"మీరొచ్చేదాకా ఆపడానికి చూస్తాను. కానీ నా మాటంటే మా బావకి లెక్కలేదని మీకూ తెలుసు. తొందరగా రండి."

ఫోన్ పెట్టేసరికి మందులక్క అప్పటికే షట్టరు పైకెత్తేసింది. "వెయ్యండి బాబూ," అంటూ ఇన్‌స్పెక్టరు ముందు చేతులు చాపింది. "వాడు రావాలంటే ఇవి మెరవాలి."

"తాళం వెయ్యకు," అంది కందిరీగ.

బావ ఒక్క క్షణం మరదల్ని ఎగాదిగా చూశాడు. తర్వాత మాట్లాడకుండా బేడీలు తగిలించి, మందులక్కను మెట్ల మీదికి నడిపించాడు. జనం ఎలాగూ పోగయ్యారు. ఎవడో "సిగ్గులేదూ!" అని అరిచాడు. ఆవిడ తల దించుకోలేదు, సందు మలుపు వైపే చూస్తూ నిలబడింది. వ్యాను రాకపోతే ఓ ఆడపిల్ల బూడిదైపోతుంది. వస్తే చాలు, ఎన్ని తిట్లయినా పడొచ్చు.

వచ్చింది. ఇంజను ఆపకుండానే కాంట్రాక్టరు దిగాడు. నెమ్మదిగా జనాన్ని తోసుకుంటూ వచ్చి బేడీల వైపు ఆకలిగొన్నవాడిలా చూశాడు. తర్వాత మందులక్క చెవి దగ్గరికి వంగాడు.

"వాడు నీకు చాలా కబుర్లు చెప్పాడుగా. ఇక జైలు గోడలకి చెప్పుకో."

కందిరీగ అప్పటికే వ్యాను వెనక ఉంది. "తాళం," అంది చెయ్యి చాపి.

అతని మొహంలో రంగు మారలేదు. "అది తెరవకూడదు మేడమ్. రోగాల చెత్త. బట్టీ దగ్గర తప్ప ఎక్కడా సీలు విప్పకూడదని చట్టం. అడగండి మీ బావగారిని."

బావ తటపటాయించాడు. చట్టం నిజమే. తెరిచాక లోపల డబ్బాలు తప్ప ఏమీ లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. జనం చూస్తున్నారు.

"బావా," అంది కందిరీగ. మూడేళ్ళలో మొదటిసారి ఆ పిలుపులో విషం లేదు. "నా రిపోర్టు కింద నీ సంతకం పెట్టుకున్నావు. దీన్ని కూడా నీ పేరు మీదే రాసుకో. నాకేం వద్దు. పగలగొట్టు!"

అతను పిస్తోలు మడమతో రెండు దెబ్బలు వేశాడు. తాళం ఊడింది. నీలం రంగు డబ్బాల మధ్య, పాత దుప్పటిలో చుట్టి, కాంట్రాక్టరు భార్య పడి ఉంది.

మందులక్క బేడీలు విదిలించుకుని లోపలికి దూకింది. మెడ నరం పట్టుకుంది, కనురెప్పలు ఎత్తి చూసింది. "ఊపిరుంది! అంబులెన్సు పిలవండి!" అని అరిచింది. జనంలోంచి గుప్పుమని కేకలు లేచాయి. ఇద్దరు కుర్రాళ్ళు కాంట్రాక్టరు రెక్కలు విరిచి పట్టుకున్నారు. కందిరీగ అతని కళ్ళల్లోకి సూటిగా చూసింది. ఈ సంతోషాన్ని ఆమె తొందరపడి మింగదలుచుకోలేదు.

కానీ అతను నవ్వుతున్నాడు.

లోపలి నుంచి మందులక్క గొంతు మారింది. "ఇది నిద్రమాత్ర కాదు. నిద్రమాత్రకి ఒళ్ళిలా బిగుసుకోదు. ఇదేం మందో నాకు అంతుపట్టడం లేదు. తెలియకుండా విరుగుడు ఇస్తే ఇంకా ప్రమాదం."

"నా గోడౌన్లో నాలుగొందల రకాలున్నాయి," అన్నాడు కాంట్రాక్టరు తాపీగా. "అందులో ఏది ఇచ్చానో నాకొక్కడికే తెలుసు. ఎంత టైముందో కూడా. ఆవిడ ఇంతమంది ముందు ఒప్పుకోవాలి, నా తమ్ముణ్ణి చంపింది తనేనని. ఆ బేడీలకి తాళం పడాలి. అప్పుడు చెప్తాను."

"నిన్ను ఇక్కడే..." కందిరీగ చెయ్యి అతని గొంతు మీదికి పోయింది. బావ ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

మందులక్క వ్యాను దిగింది. నేల మీద పడి ఉన్న బేడీలు తనే తీసి ముంజేతులకు తగిలించుకుని ఇన్‌స్పెక్టరు ముందుకి వచ్చింది. అతను కదల్లేదు. ఆవిడే మోకాలికి నొక్కుకుని బేడీలు బిగించుకుంది. టక్కుమంది.

"ఆ పిల్లాణ్ణి చంపింది నేనే," అంది జనం వైపు తిరిగి, సందు చివరిదాకా వినపడేలా. తర్వాత కాంట్రాక్టరు మొహంలో మొహం పెట్టింది.

"చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఏమిచ్చావు?"